స్టాక్‌హోమ్‌లో పెద్దవాళ్ళతో ఏ మ్యూజియంలు చూడాలి? మోకాళ్ళ నొప్పి, శాకాహారం, తొమ్మిదేళ్ళ బాబు

వైజాగ్ కోడలు:
అందరికీ నమస్తే. మేము స్టాక్‌హోమ్ శివారు కిస్టాకి వచ్చి నాలుగు నెలలైంది, మే నెలలో అత్తయ్యగారు మామయ్యగారు మొదటిసారి విదేశం వస్తున్నారు, మూడు వారాలు ఉంటారు. మావారికి ఆఫీసు, కాబట్టి ఊరు చూపించేది నేనే, తోడు మా బాబు, తొమ్మిదేళ్ళు. మామయ్యగారు వైజాగ్‌లో షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, అత్తయ్యగారు సైన్సు టీచర్. ఆవిడకి మోకాళ్ళు నొప్పి, గంట పైన నిలబడలేరు. ఇద్దరూ శాకాహారులు. ఇక్కడ చూస్తే ఓడకో మ్యూజియం, పాటలకో మ్యూజియం, మద్యానికో మ్యూజియం, ట్రాములకో మ్యూజియం, ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లేదు. టికెట్లు కూడా తక్కువేం కాదు. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి, ఎలా వెళ్ళాలి, చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉప్సాలా విద్యార్థి:
అక్కా, సిటీ పాస్ లాంటిది తీసుకుంటే లాభం, నేను ఫ్రెండ్స్‌తో ఒక్కరోజులో అయిదు కొట్టేశాను. పొద్దున్నే వాసా ఓడ మ్యూజియం, తర్వాత వైకింగ్ మ్యూజియం, స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం, సాయంత్రం ఫోటోల మ్యూజియం ఫోటోగ్రాఫిస్కా, అలా. జ్యూర్‌గోర్డెన్ దీవిలోనే సగం మ్యూజియంలు పక్కపక్కనే ఉంటాయి కదా.

పాత స్టాక్‌హోమ్ వాసి:
తమ్ముడూ, నీ వయసుకి అది సరే గానీ అరవై దాటినవాళ్ళని అలా తిప్పితే మూడో మ్యూజియంకి వచ్చేసరికి వాళ్ళు చూసేది గోడలు కాదు, కూర్చోడానికి బెంచీ. అమ్మా, నేను పన్నెండేళ్ళుగా ఇక్కడున్నాను, మా అమ్మానాన్నల్ని, మావాళ్ళ అమ్మానాన్నల్ని కలిపి ఏడెనిమిది సార్లు తిప్పాను, నా మాట వినండి. రోజుకి ఒకటి, మహా అయితే రెండు. పాస్ కొంటే డబ్బు రాబట్టుకోవాలని పరుగెత్తిస్తాం, వద్దు. ఎవరి పని, ఎవరి ఇష్టం ఏంటో చూసి దానికి తగ్గ మ్యూజియం ఎంచుకోండి. మీ మామయ్యగారు షిప్‌యార్డు మనిషి అన్నారు చూడండి, అంటే మీ ప్రశ్నకి సగం జవాబు మీరే చెప్పేశారు. వాసా. దానికి మొత్తం ఒక పూట ఇవ్వండి, మూడు గంటలకి తక్కువ కాకుండా.

ఎందుకంటే ఆ ఓడ కథ షిప్‌యార్డులో పనిచేసినవాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు. 1628 ఆగస్టు 10న రేవు నుంచి మొదటిసారి బయల్దేరింది, పదమూడొందల మీటర్లు వెళ్ళిందో లేదో చిన్న గాలికే ఒరిగి మునిగిపోయింది. ఫిరంగులకే రెండు అంతస్తులు, మొత్తం 64 ఫిరంగులు, పైన బరువెక్కువ, అడుగున తూకం రాళ్ళు ఆ బరువుకి చాలవు. ఒరగగానే కింది వరస ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్ళు లోపలికొచ్చేశాయి. దాదాపు ముప్ఫై మంది పోయారు. ఇంకా బాధ ఏంటంటే బయల్దేరే ముందే రేవులో ముప్ఫై మందిని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరుగెత్తించి పరీక్ష చేశారు, మూడోసారికే ఓడ విపరీతంగా ఊగుతుంటే ఆపించేశారు, అయినా పంపారు. రాజు గుస్తావ్ రెండవ అడాల్ఫ్ యుద్ధంలో ఉన్నాడు, ఓడ త్వరగా కావాలని ఒత్తిడి. ఓడ కట్టిన పెద్ద మేస్త్రీ హెన్రిక్ హైబర్ట్సన్ ముందు ఏడాదే చనిపోయాడు. విచారణ జరిగింది, చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. ఓడలో వడ్రంగుల కొలబద్దలు దొరికాయి, కొన్ని స్వీడిష్ అడుగులు, కొన్ని ఆమ్‌స్టర్‌డామ్ అడుగులు, అంటే ఒకే ఓడ మీద రెండు రకాల కొలతలతో పని జరిగింది. ఈ ఒక్క ముక్క మామయ్యగారికి చెప్పి చూడండి, ఆయనే మీకు గైడు అవుతారు.

వైజాగ్ కోడలు:
అన్నయ్యగారూ చదువుతుంటేనే వెళ్ళాలనిపిస్తోంది. మాకు బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, బాబుకి అదంటే పిచ్చి, లోపలికెళ్ళి మొత్తం తిరిగొచ్చాడు. ఇది కూడా అలాగే లోపలికి ఎక్కొచ్చా?

పాత స్టాక్‌హోమ్ వాసి:
లేదమ్మా, ఇది బాబుకి ముందే చెప్పండి, లేకపోతే అక్కడ అలుగుతాడు. వాసా ఓడ మీదకి ఎవర్నీ ఎక్కనివ్వరు, పాత కర్ర తట్టుకోదు. 333 ఏళ్ళు నీళ్ళలో ఉండి 1961 ఏప్రిల్ 24న బయటికొచ్చింది, తర్వాత ఎండిపోయి చిట్లిపోకుండా పదిహేడేళ్ళ పాటు పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి ద్రావకాన్ని చల్లుతూనే ఉన్నారు. ఓడ చుట్టూ అంతస్తులుగా నడవాలు ఉంటాయి, కింద అడుగు భాగం నుంచి పైన డెక్ ఎత్తు దాకా అన్ని ఎత్తుల్లోంచి చూడొచ్చు, లిఫ్టులున్నాయి కాబట్టి అత్తయ్యగారికి మెట్ల బాధ లేదు. పైనుంచి మొదలెట్టి కిందకి దిగండి. బాబుకైతే డైవింగ్ బెల్ దగ్గర ఆపండి, 1660ల్లోనే గంట లాంటి దాని కింద నిలబడి మనుషులు ఆ చల్లటి నీళ్ళలోకి దిగి యాభైకి పైగా ఫిరంగులు పైకి తీశారు.

ఇంకోటి, లోపల ఓడ కోసం 18-20 డిగ్రీలే ఉంచుతారు, వెలుతురు కూడా తక్కువ. బయట ఎండ చూసి స్వెటర్ ఇంట్లో వదిలేయకండి. ఇయర్‌ఫోన్లు పట్టుకెళ్తే ఆడియో గైడు ఫోన్లోనే ఉచితంగా వినొచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. పెద్దవాళ్ళ టికెట్ ఎండాకాలం సీజన్లో ఎక్కువ రేటు. మేలో అయితే బుధవారాలు రాత్రి ఎనిమిది దాకా తెరిచుంటుంది, సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళండి, టూర్ బస్సులు వెళ్ళిపోయుంటాయి, ఆ చీకట్లో ఆ ఓడ ముందు మీరే ఉన్నట్టుంటుంది.

సోల్నా అక్క:
దారి నేను చెప్తాను. కిస్టా నుంచి బ్లూ లైన్ 11 ఎక్కితే అదే ఒక మ్యూజియం చెల్లీ! సోల్నా సెంట్రమ్‌లో ఒక్కసారి దిగి తర్వాతి రైలెక్కండి, గుహలాంటి స్టేషను, పైకప్పంతా ఎర్రటి సాయంత్రం ఆకాశం, కింద పచ్చటి అడవి, దగ్గరికెళ్ళి చూస్తే అడవులు కొట్టేయడం, పల్లెలు ఖాళీ అయిపోవడం, అన్నీ బొమ్మలేశారు. టీ-సెంట్రాలెన్‌లో తెల్ల రాతి మీద నీలం లతలు. ఆఖరి స్టేషను కుంగ్స్‌ట్రాడ్‌గోర్డెన్, భూమి కింద ముప్ఫై మీటర్ల పైన లోతు, రాతి గోడల మీద నీళ్ళు కారుతూ పాత విగ్రహాలు ఉంటాయి. ఇవన్నీ మెట్రో టికెట్‌లోనే.

వాసాకి టీ-సెంట్రాలెన్ దగ్గర పైకొచ్చి 7 నంబరు ట్రామ్, నార్డిస్కా మ్యూజియెట్ స్టాపులో దిగాలి. తిరుగు ప్రయాణంలో మాత్రం జ్యూర్‌గోర్డెన్ నుంచి స్లుస్సెన్‌కి పడవ ఎక్కండి, 82 నంబరు, అదే ఎస్‌ఎల్ (ఇక్కడి మెట్రో, బస్సుల సంస్థ) టికెట్ చెల్లుతుంది, పది నిమిషాలు నీళ్ళ మీద. వాసా మునిగింది ఆ చుట్టుపక్కల నీళ్ళలోనే కాబట్టి మామయ్యగారికి పడవలోంచి చూపించొచ్చు. మామూలు టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది, రోజంతా తిరిగేట్టయితే 24 గంటలదో 72 గంటలదో యాప్‌లో తీసుకోండి. 65 దాటినవాళ్ళకి, పిల్లలకి తక్కువ రేటు, వయసు చూపించే కాగితం దగ్గర పెట్టుకోండి. నగదు ఇక్కడ చాలాచోట్ల తీసుకోరు, కార్డు మర్చిపోకండి.

వైజాగ్ కోడలు:
చాలా థాంక్స్ అక్కా. మరి అత్తయ్యగారికి? నోబెల్ మ్యూజియం అంటే ఆవిడ చాలా ఆశ పడుతున్నారు, కానీ ఇక్కడ కొందరు చిన్నది, డబ్బు దండగ అన్నారు.

సోల్నా అక్క:
చిన్నదే. అందుకే మోకాళ్ళకి మంచిది! గమ్లాస్టాన్‌లో, అంటే పాత ఊళ్ళో, స్టూర్‌టోర్యెట్ చౌకులో పాత స్టాక్ ఎక్స్‌ఛేంజి భవనంలో ఉంటుంది. తలెత్తితే నోబెల్ వచ్చినవాళ్ళ ఫోటోలు పైకప్పుకి వేలాడుతూ ఒక్కొక్కటే కదులుతూ వెళ్తుంటాయి. అమర్త్యసేన్ గారి సైకిలు కూడా ఈ మ్యూజియంలోదే, ఆయన పల్లెల్లో పరిశోధనకి తొక్కినది. అత్తయ్యగారు సైన్సు టీచర్ కాబట్టి ఆవిడకి సి.వి.రామన్ సంగతి ముందే గుర్తు చేయండి, ఆయన చిన్నప్పుడు చదివింది మీ వైజాగ్‌లోనే, వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. ఆ పిల్లాడే 1930లో ఈ ఊరొచ్చి బహుమతి తీసుకున్నాడు. లోపల కెఫేలో కూర్చున్నప్పుడు కుర్చీ తిరగేసి చూడండి, నోబెల్ వచ్చినవాళ్ళు కుర్చీల అడుగున సంతకాలు పెడతారు. బాబుకి ఆ వెతుకులాట ఒక ఆట.

ఒక్క జాగ్రత్త, గమ్లాస్టాన్ అంతా గుండ్రాళ్ళ రోడ్లు, ఎత్తుపల్లాలు. మెత్తటి చెప్పులు వద్దు, గట్టి అడుగున్న బూట్లు వేయించండి, చెయ్యి పట్టుకోండి. అక్కడి నుంచి రాజభవనం అయిదు నిమిషాలు, దాని నేలమాళిగలో లివ్‌రుస్ట్‌కమ్మరెన్ అని రాజుల ఆయుధాల మ్యూజియం. వాసా కట్టించిన ఆ రాజే 1628లో దీన్ని మొదలెట్టాడు, ఆయన యుద్ధంలో వేసుకున్న బట్టలు దాచమన్నాడు. 1632లో లుట్సెన్ యుద్ధంలో ఆయన చనిపోయినప్పుడు ఎక్కిన గుర్రం స్ట్రైఫ్ చర్మం నింపి అక్కడే నిలబెట్టారు. వాసా చూశాక ఇది చూస్తే కథ కలుస్తుంది, ముందు చూస్తే కలవదు.

పాత స్టాక్‌హోమ్ వాసి:
ఇంకొకటి ఎవరూ చెప్పట్లేదు, హాల్విల్ ఇల్లు. కుంగ్స్‌ట్రాడ్‌గోర్డెన్ స్టేషను దగ్గరే, హమ్న్‌గాటన్ వీధిలో. సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, ఒక మనిషి ఇష్టంతో పోగేసిన సామాను. విల్హెల్మినా అనే ఆవిడ, కలప వ్యాపారం చేసిన తండ్రి ఆస్తితో, 1898 నాటికే కరెంటు, టెలిఫోన్, ఇల్లంతా వెచ్చగా ఉండే ఏర్పాటుతో ఈ ఇల్లు కట్టించుకుంది. మొదటి నుంచీ దీన్ని మ్యూజియం చేయాలనే ఉద్దేశం, అందుకే బొమ్మలు, పింగాణీ, కత్తులతో పాటు వంటింటి గిన్నెలు, చివరికి తన పెళ్ళి కేకు ముక్క కూడా దాచింది. ఒక్కొక్క వస్తువు రాసిపెట్టిన జాబితా 78 సంపుటాలు. అత్తయ్యగారికి ఇది నచ్చకపోతే నన్నడగండి. సోమవారం మూసి ఉంటుంది, ఇక్కడ చాలా మ్యూజియంలు అంతే, వాసా మాత్రం సోమవారం కూడా ఉంటుంది కాబట్టి ఆరోజుకి దాన్ని ఉంచుకోవచ్చు.

ఆబ్బా అనే స్వీడిష్ పాటల బృందం మ్యూజియం వదిలేయండి, టికెట్ బాగా ఎక్కువ, ఆ పాటలు వింటూ పెరిగినవాళ్ళకి అది గుడి, మీవాళ్ళకి కాదు. మద్యం మ్యూజియం సంగతి మీకే తెలుసు.

ఉప్సాలా విద్యార్థి:
అన్నా ఒప్పుకుంటున్నా, అయిదింటిలో నాకు గుర్తున్నది వాసా ఒక్కటే. అక్కా, తిండి సంగతి: మ్యూజియం కెఫేల్లో వెజ్ ఏదో ఒకటి ఉంటుంది, ఎక్కువగా సూపు, బ్రెడ్డు, సలాడు. మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు లోపు 'డాగెన్స్ లంచ్' అని బోర్డు ఉన్న చోట తింటే చవక. 'వెజిటారిస్క్' అంటే గుడ్డు ఉండొచ్చు, 'వేగన్‌స్క్' అని అడిగితే గుడ్డు, పాలు రెండూ ఉండవు. మేలో అయితే పులిహోర కట్టుకెళ్ళండి, వాసా బయట నీళ్ళ పక్కన బెంచీలున్నాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనొద్దు.

వైజాగ్ కోడలు:
అందరికీ నిన్నటి సంగతి చెప్పాలని వచ్చాను. బుధవారం సాయంత్రం వాసాకి వెళ్ళాం, మీరు చెప్పినట్టే పైనుంచి కిందకి. అత్తయ్యగారు ప్రతి అంతస్తులో కాసేపు కూర్చుంటూ చూశారు, మోకాలు నొప్పి అనలేదు. మామయ్యగారు మొదటి పది నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత కింద ఓడ అడుగు దగ్గర బాబుని పిలిచి, మన వైజాగ్‌లో చెక్క పడవని ఉప్పునీళ్ళలో వదిలేస్తే పురుగు తొలిచేస్తుంది, మరి ఇది ఎలా మిగిలిందిరా అనడిగారు. వాడు బోర్డు చదివి, ఇక్కడి సముద్రంలో ఉప్పు తక్కువట తాతయ్యా, ఆ పురుగు బతకదట అన్నాడు. పాత ఇనప బోల్టులు తీసేసి స్టీలువి వేశారని రాసుంటే ఆయన అక్కడే అరగంట నిలబడ్డారు. కొలబద్దల మాట కూడా చెప్పాను అన్నయ్యగారూ. ఆయన అన్నది, టేపు ముందు అందరిదీ కలిపి చూసుకుంటాం కదమ్మా, పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. ఎనిమిదింటికి మూసేస్తున్నాం అని చెప్పేదాకా బయటికి రాలేదు, మళ్ళీ ఒకసారి రావాలన్నారు.

శుక్రవారం నోబెల్, ఆ గుర్రం. ఆదివారం హాల్విల్ ఇల్లు. ఇంకెవరైనా స్లుస్సెన్ దగ్గర పడవ దిగాక లిఫ్ట్ ఎటువైపు ఉందో చెప్పగలరా, అక్కడ పనులు జరుగుతున్నట్టున్నాయి, అత్తయ్యగారితో మెట్లెక్కాల్సొచ్చింది.