నల్గొండ ఎండలకు ఎడిటింగ్ సిస్టం: టవర్ కూలర్ చాలా, లిక్విడే పెట్టాలా?

క్లాక్‌టవర్_స్టూడియో (నల్గొండ):

అందరికీ నమస్తే. మాది పెళ్ళిళ్ళ ఫొటో, వీడియో పని. సిస్టంలో ఇంటెల్ ఐ7-12700 ప్రాసెసర్ ఉంది, దాని డబ్బాలో వచ్చిన ఫ్యానే ఇప్పటిదాకా నడుస్తోంది. చలికాలం ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన కాసేపటికే 100 డిగ్రీలు చూపిస్తుంది, అక్కడి నుంచి స్పీడు పడిపోతుంది. ఫ్యాన్ మోతకు పక్కన కూర్చొని ఫోన్ మాట్లాడలేం. మాకు పని ఉండేదే ఆ ముహూర్తాల నెలల్లో. షాపు స్లాబుదే కానీ పైన ఇంకో అంతస్తు లేదు, మధ్యాహ్నం లోపల 40 దాటుతుంది. ఏసీ లేదు, గదికి నీళ్ళ కూలర్ ఉంది.

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) అడిగితే ఒక షాపాయన లిక్విడ్ (పంపుతో నీళ్ళు తిప్పి రేడియేటర్‌లో చల్లబరిచే కూలర్) తప్ప వేరేది ఆగదన్నాడు, పక్క షాపాయన మూడు వేల టవర్ కూలర్ (పైపులు, రేకులు, ఫ్యాన్ ఉండేది) చాలన్నాడు. మన ఎండల్లో నడిపినవాళ్ళు చెప్పండి.

సూర్యాపేట_గేమర్:

అన్నా, లిక్విడే తీసుకో. 12700 నిండా పనిచేస్తే 180 వాట్ల దాకా గుంజుతది, అది ఇంటెల్ ఇచ్చిన లెక్కే. మామూలు టవర్ ఆ వేడిని క్యాబినెట్ లోపలనే వదులుతది, గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా దానికి తోడైతది. లిక్విడ్‌కు రేడియేటర్ పైన బిగిస్తే వేడి గాలి సీదా బయటికే పోతది. ఇంకోటి, కిలో బరువు మదర్‌బోర్డుకు వేలాడే బాధ లేదు. మా ఇంట్ల 240 ఎంఎం రేడియేటర్ ఎండాకాలమంతా ఆగకుండ నడిచింది. పని మీదనే బతికేటోళ్ళు ఇక్కడ రెండు వేలు మూడు వేలు చూసుకుంటె ఎట్ల?

పాలమూరు_రిపేర్లు (మహబూబ్‌నగర్):

180 వాట్లు నిజమే తమ్మీ. అయితే ఆ 180 కొద్ది సెకన్ల ముచ్చట. ఇంటెల్ లెక్క ప్రకారం తర్వాత అది 65కు దిగాలె. చాలా బోర్డులు ఆ హద్దు ఎత్తేసి ఎంతసేపైనా గుంజనిస్తయి. స్టూడియో అన్న సిస్టంల జరిగేది గదే అనిపిస్తుంది. డబ్బాల వచ్చిన చిన్న ఫ్యాన్ ఆ వేడిని మోయలేదు, దాన్ని మార్చాలె. ఇంతవరకు మన ఇద్దరిది ఒకే మాట.

లిక్విడే ఎందుకన్నది నా ప్రశ్న. టవరైనా లిక్విడైనా చివరికి వేడిని వదిలేది గది గాలిలకే. గది 40 ఉంటె ఏ కూలరూ ప్రాసెసర్‌ను 40 కిందికి తేలేదు. 25 డిగ్రీల గదిల 75 చూపించే సిస్టం, అదే పని మీద, అదే ఫ్యాన్ స్పీడు మీద, 40 డిగ్రీల గదిల 90 దగ్గర చూపిస్తది. యూట్యూబ్‌ల చూసే టెస్టులు ఎక్కువగ 20, 25 డిగ్రీల గదులల్ల చేసినయి. మే నెల నల్గొండకు ఆ అంకెల మీద 15, 20 కలుపుకొని చదవాలె. లిక్విడ్‌కూ గింతే, టవర్‌కూ గింతే.

ఇగ చెడిపోతే ఏంది సంగతి? టవర్‌ల కదిలే వస్తువు ఫ్యాన్ ఒక్కటే. రాగి పైపులల్ల గాలి తీసేసి కొద్దిగ నీళ్ళు పోసి సీలు చేస్తరు. ఆ నీళ్ళు ప్రాసెసర్ వేడికి ఆవిరై రేకుల దిక్కు పోతయి, అక్కడ చల్లబడి మళ్ళ నీళ్ళై, పైపు లోపలి గోడకున్న సన్నటి పొర గుండ వెనకకు వస్తయి. మోటారు లేదు, అరిగేది లేదు. ఫ్యాన్ పోతే 120 ఎంఎం ఫ్యాన్ నల్గొండలనే దొరుకుతది, ఆ పూటనే పని మొదలుపెట్టొచ్చు. లిక్విడ్‌ల పంపు ఆగితే ఫ్యాన్లు తిరుగుతనే ఉంటయి, నీళ్ళు కదలవు, చూస్తుండంగనే 100. వారంటీ ఉండొచ్చు, కాని దాన్ని పంపి, మార్చుకొని, తిరిగి వచ్చేవరకు పెళ్ళిపిల్ల తల్లిదండ్రులు ఆల్బం కోసం షాపు ముందట నిలబడతరు. మండలాలల్ల, చిన్న టౌన్లల్ల స్టూడియోలు పెట్టుకున్నోళ్ళకు నేను లిక్విడ్ వద్దనేది ఇందుకే.

సూర్యాపేట_గేమర్:

పంపులు అంత తొందరగ పోవు అన్నా, ఐదారేండ్ల వారంటీ ఇచ్చేటియి ఉన్నయి. ఫ్యాన్ కూడ పోతది కద? నీళ్ళు వేడెక్కేదానికి టైం పడతది కాబట్టి ఒక్కసారి లోడ్ పడితే లిక్విడ్‌ల టెంపరేచర్ గబుక్కున ఎగరదు, ఫ్యాన్ అరవదు. ఈ లాభం టవర్‌ల లేదు.

పాలమూరు_రిపేర్లు:

ఆ లాభం గేమ్‌కు ఉంటది, చిన్న చిన్న పనులకు ఉంటది. గంటసేపు ఎక్స్‌పోర్ట్ నడిస్తే ఆ నీళ్ళు కూడ వేడెక్కి ఒక దగ్గర నిలబడతయి. అక్కడి నుంచి రేడియేటర్ ఎంత పెద్దది, గాలి ఎంత పోతుంది అన్నదే లెక్క. 14700కె లాంటి 253 వాట్ల ప్రాసెసర్‌ను రాత్రింబగళ్ళు నడిపేటోళ్ళకైతె 360 రేడియేటర్ నేనే చెప్త. 12700కు అంత అవసరం లేదు.

నాగర్‌కర్నూల్_సైన్స్‌సార్:

అసలు గదిని చల్లబరిచే మాట ఎవరూ ఎత్తలేదు. గది 6 డిగ్రీలు దిగితే ప్రాసెసర్ కూడా సుమారు 6 డిగ్రీలు దిగుతుంది, దానికి కొత్త కూలర్ అక్కర్లేదు. మే నెలలో మన గాలి బాగా పొడిగా ఉంటుంది, నీళ్ళ కూలర్ బ్రహ్మాండంగా పనిచేసే కాలం అదే. స్టూడియో వారికి అది ఉంది కూడా.

తేమకు కంప్యూటర్ పాడవుతుందని చాలామంది కూలర్ ఆపేసి ఉక్కపోతలో కూర్చుంటారు. నీటి బొట్లు పట్టేది చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ఉన్న వస్తువు మీద. నడుస్తున్న కంప్యూటర్‌లో ప్రతి భాగం గది గాలి కంటే వేడిగానే ఉంటుంది, కాబట్టి లోపల నీరు పట్టదు. భయపడాల్సింది తుంపరకు. మన బోరు నీళ్ళు ఎంత చవుడో తెలిసిందే, ఎండిన చోటల్లా తెల్లటి పొర మిగులుతుంది. కూలర్ గాలి సూటిగా క్యాబినెట్ మీద కొడితే ఆ తుంపర బోర్డు మీద చేరి, ఎండి, ఆ పొరే అక్కడా కడుతుంది. కూలర్‌ను మనిషి వైపు తిప్పుకోండి, సిస్టంకు దూరంగా పెట్టండి, ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. కిటికీ మూస్తే కాసేపటికి గాలి తేమతో నిండిపోయి కూలర్ చల్లబరచడం మానేస్తుంది.

మిర్యాలగూడ_లెక్కలు:

నేను రైసుమిల్లు ఆఫీసుల కంప్యూటర్లు చూస్త. సార్ చెప్పింది బాగుంది, కాని మా దగ్గర వేడి కంటె ముందు దుమ్ము. ఊక, తవుడు దుమ్ము సన్నగుంటది, తేమ తగిలితే రేకుల మధ్యల బొంత లెక్క పట్టేస్తది. లిక్విడ్ రేడియేటర్ రేకులు ఇంక దగ్గర దగ్గరగ ఉంటయి, అది ఇంక తొందరగ మూసుకపోతది, పైన బిగించి ఉంటది కాబట్టి ఎవ్వరు చూడరు కూడ. టవరైతే పక్క పలక తీస్తె కంటికి కనపడ్తది. ఫ్యాన్‌కున్న క్లిప్పు తీసి, బ్రష్షుతోని, బ్లోయర్‌తోని దులపాలె. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితోని పట్టుకోండ్రి. గాలికి అడ్డగోలు స్పీడుల తిరిగితే బేరింగు పోతది.

క్లాక్‌టవర్_స్టూడియో:

సార్‌కు, అందరికీ ధన్యవాదాలు. గాలికే మొగ్గుతున్నాను. ఇప్పుడు రెండు అడగాలి. ప్రాసెసర్ పైనుంచి పక్క గ్లాసు దాకా కొలిస్తే మా క్యాబినెట్ 160 ఎంఎం కూలర్ దాకా పడుతుంది. ముందర మొత్తం గ్లాసే, గాలికి సందులు అంచుల్లోనే. డీప్‌కూల్ ఏకే400 తీసుకోనా, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ తీసుకోనా? మిత్రుడి దగ్గర పదో తరం ఇంటెల్‌కు వాడిన పాత కూలర్ ఒకటి ఊరికే ఇస్తానంటున్నాడు, అది పనికొస్తుందా?

పాలమూరు_రిపేర్లు:

ముందు పాత కూలర్ సంగతి. పదో తరం సాకెట్ (ప్రాసెసర్ కూచునే గూడు) చుట్టు రంధ్రాల మధ్య దూరం 75 ఎంఎం, నీ ఎల్‌జీఏ 1700ది 78. సాకెట్ మీద ప్రాసెసర్ కూడ కొంచెం కిందికి కూచుంటది. కంపెనీ 1700 కిట్టు దొరికితేనే అది పెట్టు. రంధ్రాలు వెడల్పు చేసి, వాషర్లు పెట్టి బిగించిన సిస్టంలు నా బల్ల మీదికి వచ్చినయి. ఒక మూల అదుముకుంటది, ఇంకో మూల లేస్తది, సగం కోర్లు 100 కొట్టి మిగతావి 80ల దగ్గర ఉంటయి.

రెండు కొత్తవాటి ఎత్తు 155, నీ దాంట్ల పడతయి. ఏకే400కు నాలుగు పైపులు, ఒక ఫ్యాన్. పీర్‌లెస్‌కు ఆరు పైపులు, రెండు ఫ్యాన్లు. నీ ప్రాసెసర్‌కు, నీ గదికి రెండోదే చెప్త. ఒక్కటి చూసుకో. ముందటి ఫ్యాన్ ర్యాం మీదికి వస్తది. ర్యాంకు ఎత్తు లైట్ల తొడుగు ఉంటె ఫ్యాన్‌ను పైకి జరపాల్సి వస్తది, ఎంత జరిపితే అంత ఎత్తు పెరుగుతది. నీకున్న సందు 5 ఎంఎం. తొడుగు లేని ర్యాం అయితే ఏం గొడవ లేదు.

ఆ గ్లాసు ముఖం క్యాబినెట్ ఉన్నన్ని రోజులు ఏ కూలర్ పెట్టినా సగమే పని. లోపలి గాలే తిప్పి తిప్పి వాడుకుంటది. ఇవ్వాలనే ముందటి గ్లాసు ఊడదీసి అదే ఎక్స్‌పోర్ట్ నడిపి చూడు. టెంపరేచర్ బాగ దిగిందంటె, ముందుగాల జాలి ముఖం క్యాబినెట్ మీద పైసలు పెట్టు. ముందర రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి.

బిగించేటప్పుడు తొందర వద్దు. పాత ఫ్యాన్ తీసే ముందు సిస్టం ఒక పది నిమిషాలు నడిపి ఆపు, ప్రాసెసర్‌కు కూలర్‌కు మధ్యల వేడి పోయేందుకు పూసే పేస్ట్ మెత్తబడుతది. నాలుగు పిన్నులు తిప్పి వదులు చేసి, కూలర్‌ను అటు ఇటు కొద్దిగ మెలిపెట్టి లేపు. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడువు, బట్ట పోగులు మిగలొద్దు. బోర్డును బయటికి తీసి బల్ల మీద పెట్టుకుంటె బ్యాక్‌ప్లేట్ (బోర్డు వెనక పెట్టే పట్టీ) కుదురుగ కూచుంటది. నిలబడ్డ క్యాబినెట్‌ల ఒక చెయ్యి వెనక, ఒక చెయ్యి ముందట పెట్టి చేస్తే ఏదో ఒకటి జారుతది. 12వ తరం ప్రాసెసర్ పొడుగ్గ ఉంటది కాబట్టి మధ్యల చుక్క ఒక్కటి పెడితే అంచులు తప్పిపోవచ్చు. పొడుగు దిక్కు సన్న గీత గియ్యి, లేకుంటె ఇంటూ గుర్తు పెట్టు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటె పీకెయ్యి, అది మరిచి బిగించినోళ్ళు మస్తు మంది. రెండు స్క్రూలను ఒక్కోదానికి రెండు చుట్ల చొప్పున మార్చి మార్చి తిప్పు, స్ప్రింగు ఆగినకాడ ఆపు. రెండు ఫ్యాన్లు కూడ గాలిని వెనక ఫ్యాన్ దిక్కే కొట్టాలె. ఫ్యాన్ పక్కన బాణం గుర్తు ఉంటది, లేకుంటె మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ కడ్డీలు ఏ దిక్కుంటె గాలి ఆ దిక్కు పోతది. వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన పిన్నుకే పెట్టు, వేరే పిన్నుకు పెడితే ఆన్ చెయ్యంగనే ఎర్రర్ చూపించి ఆగొచ్చు.

బయోస్‌ల (సిస్టం ఆన్ కాంగనే తెరిచే బోర్డు సెట్టింగులల్ల) ఎక్కువసేపు గుంజే హద్దు 125 వాట్లు పెట్టు. కొన్ని ఎంఎస్ఐ బోర్డులు ఏ కూలర్ పెట్టినవని అడుగుతయి, లిక్విడ్ అని ఎంచుకుంటె హద్దు మొత్తం ఎత్తేస్తయి. టవర్ అనే పెట్టి, అంకెను చేత్తోని 125కు దించు.

సూర్యాపేట_గేమర్:

125కు కట్టేస్తె 12700 ఎందుకు కొన్నట్టు అన్నా? నా బాధ గదే. పైసలు పెట్టి కొన్న శక్తిని ఎండ పేరు చెప్పి ఆపుకొనుడు నాకు నచ్చదు.

పాలమూరు_రిపేర్లు:

నిజమే, ఎవలకైన అట్లనే అనిపిస్తది. కాని చివరి యాభై అరవై వాట్లు వేడి తెచ్చినంత స్పీడు తేవు తమ్మీ. 100 తాకి తనంతట తను తగ్గి, మళ్ళ లేచి, మళ్ళ తగ్గేదానికంటె 125 మీద నిలకడగ పోతె ఎక్స్‌పోర్ట్ ఎప్పుడైతదో ముందే చెప్పొచ్చు. నవంబర్‌ల హద్దు మళ్ళ 180కి పెంచుకోవచ్చు, ఎవ్వరు వద్దనరు.

స్టూడియో అన్నా, ఇంకొకటి. నీ ప్రాసెసర్‌ల గ్రాఫిక్స్ కూడ ఉంది, యూహెచ్‌డీ 770. ఎక్స్‌పోర్ట్ సెట్టింగులల్ల హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టినవా? పెడితే హెచ్.264 వీడియో తయారు చేసే పని చాలావరకు క్విక్ సింక్ (ఆ గ్రాఫిక్స్‌లనే ఉండే వీడియో భాగం) మీదికి పోతది, కోర్ల మీద బరువు తగ్గుతది.

క్లాక్‌టవర్_స్టూడియో:

ఇప్పుడే చూశాను, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ మీదే ఉంది. ముందరి గ్లాసు కూడా తీసేశాను. ఈ మధ్యాహ్నం రెండు గంటలకు, గది బాగా కాగినప్పుడు, అదే వీడియోను ముందు సాఫ్ట్‌వేర్ మీద, తర్వాత హార్డ్‌వేర్ మీద నడుపుతాను. రెండింటి టెంపరేచరూ, పట్టిన టైమూ ఇక్కడే పెడతాను. కూలర్ ఆర్డర్ అది చూశాకే.