అప్‌డేట్: ఆర్డుయినో నానో గేమ్ పరికరంలో ఖాళీ తెర సమస్య తీరింది

ఆర్డుయినో నానో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో కట్టుకుంటున్న చిన్న చేతి గేమ్ పరికరంలో, మూడో లెవెల్ మ్యాప్ చేర్చగానే ఓలెడ్ తెర వెలగడం మానేసిందని గత నెలలో అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ర్యామ్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) చాలడం లేదేమో చూడమన్న సూచనే నిజమైంది.

నానోలో ఉన్న ర్యామ్ 2048 బైట్లే. 128×64 తెరకు పిక్సెల్‌కు ఒక బిట్ చొప్పున 1024 బైట్లు కావాలి. అయితే తెరను నడపడానికి నేను వాడిన లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఆ చోటును ప్రోగ్రామ్ నడవడం మొదలయ్యాకే తీసుకుంటుంది కనుక, కంపైల్ చేసినప్పుడు (రాసిన కోడ్‌ను బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చినప్పుడు) కనిపించే లెక్కలో అది కలవదు. 1180 బైట్లు వాడినట్టు చూపిస్తే, ఇంకా 868 మిగిలాయి కదా అని నేను నిశ్చింతగా ఉండిపోయాను. తెరకు కావలసిన 1024కు అవి చాలవు. మ్యాప్‌లను ప్రోగ్‌మెమ్ అనే గుర్తుతో ఫ్లాష్‌లోకి (ప్రోగ్రామ్ నిల్వ ఉండే మెమరీలోకి) మార్చి, వాటిని చదివేచోట పీజీఎం రీడ్ బైట్ అనే ఫంక్షన్ వాడి, తెరపై వచ్చే మాటలను కూడా ఫ్లాష్‌లోనే ఉంచే ఎఫ్ మాక్రోలో పెట్టాక వాడకం 540కి దిగింది, తెర వెంటనే వెలిగింది. ఆ క్షణం కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వైర్లు, బ్యాటరీ, బోర్డు తెరను గుర్తించే 0ఎక్స్3సి అడ్రస్ వీటిలో ఏదీ కారణం కాదు. కొత్త తెర కొనడమూ అనవసరమే అయింది. ఇదే ఇబ్బంది ఎదురైనవారు ముందుగా తెరను మొదలుపెట్టే డిస్‌ప్లే బిగిన్ ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సందేశాలను కంప్యూటర్‌లో చూపే విండోలో) చూడవలసిందిగా కోరుతున్నాను. నాకు అక్కడ ఫాల్స్ అని, అంటే తెర మొదలు కాలేదని వచ్చింది.