పిండంలో కణాలు వేరుపడేది అతుకు వల్లనా, బిగువు వల్లనా?

అన్వేషి: 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచర పిండాల కణాలను విడదీసి కలగలిపినప్పుడు, అవి తమంతట తామే మళ్లీ పొరలుగా సర్దుకున్నాయి. గట్టిగా అతుక్కునే కణాలు లోపలికి చేరతాయని, బలహీనంగా అతుక్కునేవి వాటిని చుట్టుకుంటాయని 1963లో స్టైన్‌బర్గ్ వివరించారు. ఆ వివరణ ఇప్పటికీ చాలునా?

త్వచం: చాలును. 2005లో ఫోటీ, స్టైన్‌బర్గ్ కణాల ఉపరితలంపై, కణాలను ఒకదానికొకటి అతికించే ప్రోటీన్ అయిన క్యాడ్‌హెరిన్ సంఖ్యను మార్చి చూస్తే, కణసమూహపు తలతన్యత (ఉపరితలాన్ని కుదించే లాగుడు) ఆ సంఖ్యకు అనులోమంగా పెరిగింది. ఇంతకన్నా నేరైన సాక్ష్యం ఏముంటుంది?

కణరేఖ: జీబ్రాచేపలో అది నిలవలేదు. 2008లో క్రీగ్, సహచరులు కణాలను జంటలుగా పట్టి అతుకును కొలిచినప్పుడు, అతి తక్కువగా అతుక్కున్న బహిస్త్వచ (పిండపు బయటి పొర) కణాలే సమూహంలో లోపలికి చేరాయి. వాటి అంచున ఉన్న ఆక్టిన్, మయోసిన్ అనే సంకోచించే ప్రోటీన్ల పొర బిగువు ఎక్కువ. మయోసిన్‌ను అడ్డుకుంటే ఆ సర్దుబాటు చెదిరింది.

త్వచం: ఆ కొలత కొద్దిసేపటి తాకిడికి సంబంధించినది. గంటల తరబడి సాగే సర్దుబాటును దానితో ఎలా తూచగలరు? ముందు దీనికి జవాబు చెప్పండి.

నీలిమ: క్యాల్షియం తీసివేస్తే క్యాడ్‌హెరిన్ పట్టు సడలి కణాలు విడిపోతాయి. అతుకే లేకపోతే బిగువు ఒక కణం నుండి మరొక కణానికి చేరదు కదా.

కణరేఖ: నేను అతుకును కాదనడం లేదు. పరీక్షలో ఇదే రాసినందుకు నాకు మార్కులు తగ్గించారు; పాఠ్యపుస్తకంలోని ఒక్క వాక్యాన్ని దాటి ఎవరూ చూడడం లేదనడానికి అదే నిదర్శనం.

త్వచం: మీ మార్కులు చేప పిండం గురించి ఏమీ నిరూపించవు. కొలతల మీద నా ప్రశ్నను మీరు దాటవేశారు, ఇది చర్చ కాదు.

కణరేఖ: అయితే మీరు దాటవేస్తున్నదీ వినండి. సమూహంలో లోపలికి చేరే ఆ బహిస్త్వచం నిజమైన పిండంలో బయట ఉంటుంది. మీ సూత్రమైనా, నేను చెప్పిన బిగువైనా గాజుపాత్రలోని వరుసనే చెబుతున్నాయి, పిండంలోని వరుసను కాదు. కణాల నడుమ ద్రవపు గాఢత ఈ తన్యతా భేదాల ప్రభావాన్ని తగ్గిస్తుందని, అక్కడ కణాల దిశాబద్ధమైన వలసే ప్రధానమని 2017లో క్రెన్స్, సహచరులు చూపారు.

త్వచం: ఇప్పుడు అసలు భేదం తెలిసింది. కణాలకు సహజంగా ఏ అమరిక ఇష్టమో తెలిపే భౌతిక నియమం నాకు కావాలి. పిండం దానిని అధిగమిస్తే, నియమం అబద్ధమైనట్లు కాదు. మీకు కావలసింది పిండం నడిచిన దారి. అయితే పాత్రలోని సమూహాన్ని వదిలేస్తే ఏ బలాన్నీ విడిగా కొలవలేమన్న మాటను మాత్రం నేను వదులుకోను.

కణరేఖ: విడిగా కొలిచిన బలం పిండంలో ఎంత పని చేస్తుందో చెప్పకుండా దానిని కారణం అనడం నాకు సమ్మతం కాదు.

అన్వేషి: అలాగైతే పిండంలో వలసను మాత్రమే ఆపి, అతుకునూ బిగువునూ యథాతథంగా ఉంచితే బహిస్త్వచం ఎక్కడ నిలుస్తుందని మీ ఇద్దరి అంచనా?