ఎన్‌హెచ్‌ఎస్‌కు పునాది వర్క్‌హౌస్ ఆసుపత్రులేనా?

పాతరాతి_మేడ:
ఇంగ్లండ్ వైద్యం గురించి మాట్లాడితే అందరూ ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, మొదలైన 1948 జులై 5 దగ్గరే మొదలుపెడతారు. అసలు పునాది అంతకు ముందే వర్క్‌హౌసుల్లో పడిందని నా వాదన. గతిలేనివాళ్లకు పని చెప్పి తిండి పెట్టే పేదల గృహాలవి. దాతల చందాలతో నడిచే ఆసుపత్రిలో చేరాలంటే చాలాచోట్ల చందాదారు ఇచ్చిన ఉత్తరం ఉండాలి. అంటురోగమైనా, నయంకాని జబ్బైనా గుమ్మంలోనే తిప్పి పంపేవారు. అలాంటివాళ్లను చేర్చుకున్నది, ప్రజల పన్నుతో చూసుకున్నది వర్క్‌హౌసే. ఏమంటారు?

కృష్ణాతీరం:
చూసుకున్నది అనకండి, దయచేసి. వర్క్‌హౌసులను నడిపిన 1834 పేదల చట్టం ఉద్దేశమే వేరు. బయట అతి తక్కువ కూలికి బతికేవాడికన్నా లోపలివాడి బతుకు హీనంగా ఉండాలని రాసుకున్నారు. ఒళ్లు బాగున్నవాళ్లను బెదరగొట్టాలని కట్టిన గోడల మధ్యకు చివరికి చేరింది ముసలివాళ్లు, రోగులు, దిక్కులేని పిల్లలు. రోగులకు సేవ చేసేదీ తోటి పేదలే. సీసా మీద మందు పేరు చదవలేనివాళ్లు వాళ్లలో ఎందరో. లండన్ స్ట్రాండ్ వర్క్‌హౌస్ డాక్టరు జోసెఫ్ రోజర్స్ మందుల ఖర్చు తన జీతంలోంచే పెట్టుకోవాల్సి వచ్చింది. అంటే రోగికి మంచి మందు ఇచ్చినకొద్దీ డాక్టరు ఇల్లు గుల్ల. ఇక లోపల చనిపోయినవాడి శవం కోసం ఎవరూ రాకపోతే, 1832 అనాటమీ చట్టం ప్రకారం వైద్య విద్యార్థుల కోతబల్ల మీదికి పంపొచ్చు. బతికుండగా ఆ భయంతో పడుకున్నవాడి మంచాన్ని పునాది అనడానికి నాకు మనసొప్పదు.

లీడ్స్_సిస్టర్:
ఇక్కడ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నర్సుగా చేస్తున్నాను. మీ ఇద్దరూ వదిలేసిన మనుషులున్నారు. 1864 చివర్లో టిమతీ డేలీ అనే కూలీ హోబర్న్ వర్క్‌హౌస్‌లో సరైన సేవ లేక పుండ్లుపడి, ఆ తర్వాత చనిపోయాడు. పత్రికలు గొడవ చేశాయి. 1865లో లాన్సెట్ అనే వైద్య పత్రిక డాక్టర్లను పంపి లండన్ వర్క్‌హౌసులను తనిఖీ చేయించింది. 1867లో లండన్ పేద రోగుల కోసం కొత్త చట్టం వచ్చింది.

లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి సొంత డబ్బు పెడితే, ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల బడిలో శిక్షణ పొందిన ఆగ్నెస్ జోన్స్ 1865లో 12 మంది నర్సులతో బ్రౌన్లో హిల్ వర్క్‌హౌస్‌లో అడుగుపెట్టింది. 1868లో టైఫస్ అనే అంటుజ్వరంతో చనిపోయేనాటికి ఆవిడకు 35 ఏళ్లు. పేదవాడికీ చదువుకున్న నర్సు కావాలని వార్డులో నిలబడి చూపించింది ఆవిడ. ఆ సంస్థ తనంతట తాను మారిందంటే ఆవిడకు అన్యాయం చేసినట్టే.

పాతరాతి_మేడ:
ఆవిడ పేరు ముందు పెట్టాల్సిందే సిస్టర్. కానీ ఆవిడ పని నిలబడింది ఆ పన్ను డబ్బుతో నడిచే చోటే కదా. 1930లో ఈ ఆసుపత్రులు స్థానిక కౌన్సిళ్ల కిందికి వచ్చాయి, 1948లో ఎన్‌హెచ్‌ఎస్‌లో కలిశాయి. ఆ పడకలు లేకపోతే కొత్త వ్యవస్థ ఏ మంచాల మీద మొదలయ్యేది?

కృష్ణాతీరం:
పడకలు ఇచ్చాయి, సరే. హక్కు ఇవ్వలేదు. పేదల నిధి నుంచి మందు తీసుకున్నవాడికి ఓటు పోయేది. 1885 చట్టం వచ్చాకే ఆ శిక్ష తప్పింది. వైద్యం తీసుకున్నా పౌరుడు పౌరుడే అన్న ఆ మాటనే నేను పునాది అంటాను.

లీడ్స్_సిస్టర్:
ఆ మాట మనసుల్లోకి దిగడానికి ఇంకా చాలా కాలం పట్టింది కృష్ణాతీరం గారూ. 1904 నుంచి వర్క్‌హౌస్‌లో పుట్టిన పిల్లల జనన పత్రాల్లో ఆ పేరు బదులు వీధి చిరునామా రాయమన్నారు, పిల్లలకు జీవితాంతం మచ్చ ఉండకూడదని. పాత వర్క్‌హౌస్ భవనాల్లో నడిచిన ఆసుపత్రి అంటే ముసలివాళ్లు ఎంత భయపడేవారో ఇక్కడి సీనియర్ నర్సులు ఇప్పటికీ చెబుతారు. పునాది ఏదో తేల్చేటప్పుడు ఆ పేషెంట్ల మాట కూడా లెక్కలోకి తీసుకోండి.