సమస్య: నీడ లేక మామ నిలిచె నేడు

దీన్ని నాలుగో పాదంగా ఉంచి మిగతా మూడు పాదాలు పూరించాలి. ఛందస్సు ఆటవెలది. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామతో ఉష్ణమండల దీవిలో తీరుబడిగా గడిపిన రోజు సందర్భం. దెయ్యం కథలు వద్దు, పట్టపగలే నీడ పోవాలి.

తీరవాసి:
దీవి చూడ వచ్చి తీరాన నడువంగ
సూర్యుఁ డెక్కె నెత్తి సూటిగాను
ఛాయ కాలికింద జారిపోయిన వేళ
నీడ లేక మామ నిలిచె నేడు

గవ్వ: ధార బాగుంది. కానీ ఏ మధ్యాహ్నమైనా జానెడు నీడ మిగలదా?

తీరవాసి: మామూలు రోజుల్లో మిగులుతుంది. కర్కట, మకర రేఖల నడుమ ఉన్న చోట్ల మాత్రం, మన దగ్గర కూడా, ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హవాయిలో అది మే, జూలై నెలల్లో. దానికి అక్కడ లహైనా నూన్ అనే పేరు కూడా ఉంది. దక్షిణ అండమాన్‌లో ఏప్రిల్ 20 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 22 ప్రాంతంలో ఇంకోసారి.

నిర్వాహకుడు: అందుకే పద్యంలో 'పన్నెండు గంటలకు' అనకపోవడం నాకు నచ్చింది. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అండమాన్ ఇంకా పది డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి ఏప్రిల్‌లో అక్కడ నీడ మాయమయ్యేది 11.20 లోపే. అన్నం తిని తీరిగ్గా బయల్దేరితే మామకు నీడ మళ్ళీ వచ్చేసి ఉంటుంది! ఒక్కటే లోపం, నడిచింది ఎవరో నాలుగో పాదం దాకా తెలియదు.

గవ్వ:
అత్త వెంట లేక యలలను చూచుచు
నావ యెక్కి కూడ నవ్వఁడాయె
తోడు వీడ నింత పయనమ్ము చేసియు
నీడ లేక మామ నిలిచె నేడు

నిర్వాహకుడు: మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం) తప్పింది, 'తో'కు 'ప' కుదరదు. 'తోడు వీడ నింత దూరమ్ము వచ్చియు' అంటే సరిపోతుంది. అత్తయ్య ఊళ్ళో లేరా, లోకంలోనే లేరా అన్నది తేల్చకుండా వదిలేశారు, అది మంచి పని. ఈ పూరణకు సూర్యుడితో అవసరమే లేదు. నా ఓటు దీనికే.

తీరవాసి: నవ్వఁడాయె అన్నచోట నేనూ ఆగిపోయాను.

బొండాం:
బొండ మొకటి రాలి పోవు ననుచు నెంచి
చెట్ల నెల్ల విడిచి చేరె నిసుక
మండుటెండ తగుల మాడుచున్నను గాని
నీడ లేక మామ నిలిచె నేడు

నిర్వాహకుడు: గణయతులు సరిపోయాయి. 'గాని' పాదపూరణానికి తెచ్చినట్టుంది. పైన గవ్వ గారి పద్యం చదివి వెంటనే ఇది చదవడం కొంచెం ఇబ్బందే, అది మీ తప్పు కాదు.

గవ్వ: అంత భయమైతే కాయలకు దూరంగా, చెట్టు నీడ అంచున నిలబడొచ్చుగా?

తీరవాసి: సూర్యుడు నడినెత్తిన ఉంటే కొబ్బరి నీడ పక్కకు సాగదు, మట్టల కిందే పడుతుంది. కాయలు రాలేదీ అక్కడే.

బొండాం: మామ లెక్క అదే!