వాల్జాన్‌ను జనగామకు తెస్తే జావెర్ ఏమవుతాడు?

ఓరుగల్లు వాసి:
మొన్న ఆదివారం హన్మకొండలో దోస్తు ఇంట్లో పది మందిమి కూర్చుని 2012లో వచ్చిన ఇంగ్లీషు 'లే మిజరాబ్ల' చూశాం. విక్టర్ హ్యూగో 1862 నాటి నవల. సినిమాలో మాటలు తక్కువ, అంతా పాటలే. అయ్యాక చాయ్ దగ్గర గొడవ మొదలైంది: ఈ కథను మన దగ్గరికి తెచ్చి తీయాలా, ఫ్రాన్సులోనే ఉంచాలా? నేనైతే నిజాం కాలం జనగామకు తేవాలంటా. కథానాయకుడు వాల్జాన్‌కు రొట్టె దొంగిలించినందుకు జైలు, పారిపోబోయినందుకు ఇంకా జైలు, మొత్తం 19 ఏండ్లు. వెట్టి, గడీ చూసినోళ్లకు ఇది విడమర్చి చెప్పాలా? వాల్జాన్‌ను వెంటాడే పోలీసు ఇన్‌స్పెక్టర్ జావెర్ బదులు నిజాం పోలీసు అమీన్ సాబ్, ఫ్రెంచ్ విప్లవం బదులు సాయుధ పోరాటం. సినిమా తయార్.

చౌరస్తా పాఠకుడు:
అన్నా, ముందు ఒక సవరణ. అది 1789 విప్లవం కాదు. సినిమాలో తిరుగుబాటుదారులు వీధికి అడ్డంగా కట్టిన ఆ బారికేడ్లు 1832 జూన్‌లో పారిస్‌లో లేచినవి. రెండు రోజుల్లో అణిచేశారు. పది మందిలో ఒక్కరూ పట్టుకోలేదా?

అసలు చిక్కు జావెర్‌తో. మన అమీన్‌కు దొర మాటే చట్టం. జావెర్ లంచం ముట్టడు. మేయర్‌ను తప్పుగా అనుమానించాననుకుని, తనను ఉద్యోగం నుంచి తీసెయ్యమని తానే వెళ్లి అడుగుతాడు. అలాంటివాణ్ణి గడీ ముందు నిలబెడితే ఉత్త విలన్ అయిపోతాడు. ఇక చివర్లో సెన్ నదిలో ఎందుకు దూకుతాడు? దొరతో కలిసి పట్నం పారిపోతాడు.

మానేటి అక్క:
తమ్ముళ్లూ, ఇది పాత గొడవే. 1950లోనే ఇదే కథతో, నాగయ్యతో 'బీదలపాట్లు' వచ్చింది, తమిళంలో 'ఏళై పడుమ్ పాడు'. అందులో ఇన్‌స్పెక్టర్ వేషం కట్టిన సీతారామన్ ఆ తర్వాత 'జావర్ సీతారామన్' గానే ఉండిపోయాడు. ఫ్రెంచి పోలీసు పేరు మన మద్రాసు నటుడికి ఇంటిపేరైందంటే, జావెర్ ఈ నేల మీద బతికినట్టే కదా?

ఇంగ్లీషు సినిమాలో పాటలు సెట్లో పాడుతుండగానే రికార్డు చేశారు. చిన్నపిల్ల కొజెట్ తల్లి ఫాంటైన్ పాడేటప్పుడు గొంతు పూడుకుపోవడం కూడా వినిపిస్తుంది. ఆ వేషం కట్టిన ఆన్ హాథవేకు ఆస్కార్ ఊరికే రాలేదు. కానీ కొజెట్ రాత్రిపూట బకెట్‌తో నీళ్లు మోసే ఘట్టం చప్పున దాటేశారు. నవలలో పేజీలకు పేజీలు. చీకటి, చలి, నీళ్లు కాళ్ల మీద ఒలుకుతుంటాయి. ఉన్నట్టుండి బకెట్ తేలికవుతుంది, ఎవరిదో పెద్ద చెయ్యి పట్టుకుంది, అది వాల్జాన్‌ది. చేదబావి నుంచి బిందెలు మోసినదాన్ని, నాకా చెయ్యి కావాలి. ఏ ఊరిదైనా సరే.

ఓరుగల్లు వాసి:
1832 ఒప్పుకున్నా, చాయ్ ఖర్చు నాదే. అమీన్ సంగతి మాత్రం ఒప్పుకోను. జావెర్ పుట్టిందే జైల్లో. తల్లి జోస్యం చెప్పేది, తండ్రి ఖైదీ. సినిమాలో ఒక్క లైన్ పాడి వదిలేశారు. 2021లో కూల్చేసిన మన వరంగల్ సెంట్రల్ జైలు తెలుసు కదా, అందులో పుట్టిన పిల్లగాడు అనుకోండి. వాడి నమ్మకం దొర మీద కాదు, ఆ గోడ మీద. బయట ఉన్నోడు మనిషి, లోపల ఉన్నోడు దొంగ, అంతే. అట్లాంటోడు లంచం ముడతాడా?

చౌరస్తా పాఠకుడు:
ఈ మాట మొదలే చెప్పొద్దా అన్నా! ఇట్లయితే అమీన్ నిలబడతాడు. కానీ దొరను తెర మీద చూపకండి. కనిపిస్తే జనం కోపమంతా అటే పోతుంది. ఇంతకీ సెన్ బదులు ఏం పెడతారు? భద్రకాళి చెరువంటే మాత్రం నేను లేచిపోతా.

మానేటి అక్క:
జనగామ నుంచి భద్రకాళికి రైలెక్కి రావాలి. జావెర్ కదా, చావడానికి పోతూ కూడా టికెట్ కొంటాడు. నవ్వకండి. నవలలో దూకే ముందు పోలీసు స్టేషన్‌కు పోయి, శాఖ బాగు కోసం సూచనలు రాసి మరీ వస్తాడు. ఖైదీలను సోదా చేసేటప్పుడు చెప్పులు విప్పించి చల్లటి బండల మీద నిలబెడుతున్నారట, దగ్గులు పట్టుకుంటున్నాయట, ఆసుపత్రి ఖర్చు పెరుగుతోందట.