తేలికైన బ్యారెల్: సన్నదా, కార్బన్ చుట్టినదా?

ప్రశ్న (విజయనగరం): టెక్సస్‌లో ఉంటున్న మా బావమరిది, పొలాలను కుళ్లగించే అడవి పందుల వేటకు వాడే ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు కొత్త బ్యారెల్ (తుపాకీ గొట్టం) కొనాలనుకుంటూ, నేను లేత్ పనివాణ్ని కాబట్టి నా సలహా అడిగాడు. రోజంతా మోయాలి గనుక బరువు తగ్గాలి, గురి చెడకూడదు. ఏది మేలంటారు?

జవాబు (శ్రీకాకుళం, మాజీ సైనికుణ్ని): వేటలో వరుసగా రెండు మూడు గుళ్లకు మించి పేల్చే అవసరం అరుదు కనుక సన్నని ఉక్కు బ్యారెల్ సరిపోతుంది. అది త్వరగా వేడెక్కి గుండు తగిలే చోటు జరగవచ్చు గానీ, తయారీలో లోహంలో మిగిలిన ఒత్తిడిని సరిగా తీసేసి ఉంటే ఆ తేడా తక్కువ. హ్యాండ్‌గార్డ్, అంటే బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు, బ్యారెల్‌ను తాకకుండా ఉండడం ముఖ్యం.

జవాబు (బొబ్బిలి): మాస్టారూ, సన్నని కడ్డీ టూల్ తగలగానే వణకడం మీరు రోజూ చూసేదే, వ్యాసం సగమైతే గట్టిదనం పదహారో వంతుకు పడిపోతుంది, పొడవు సగమైతే ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుచేత 20 అంగుళాల సన్నని గొట్టం కంటే, గుండు వేగం కాస్త తగ్గినా, 16 అంగుళాలదే నయం. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలు రైఫిల్‌కు అంతకంటే తగ్గకూడదు కూడా. సన్నని ఉక్కు గొట్టంపై కార్బన్ ఫైబర్ చుట్టినది లావుగా, గట్టిగా ఉంటూ తేలికే, కానీ ఖరీదెక్కువ.

ప్రశ్నించినవారు: అర్థమైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న మన దేశంలో ఇలా స్వేచ్ఛగా వేటాడడం ఊహించలేం గానీ, వణికే కడ్డీ సంగతి నాకు బాగా తెలుసు. పొట్టిదే తీసుకోమంటాను.